స్టాఫా, క్రూనా?

బడి, బ్యాంకు, ఆస్పత్రి లాంటి చోట జీతానికి పనిచేసేవాళ్లంతా కలిపి స్టాఫ్. ఓడనో, విమానాన్నో, షూటింగునో కలిసి నడిపే జట్టు క్రూ.

మనవాళ్లు ఎక్కువగా జారేది లెక్క దగ్గర. 'త్రీ స్టాఫ్స్ ఆర్ ఆన్ లీవ్' తప్పు, 'త్రీ స్టాఫ్ మెంబర్స్' అనాలి. ఒక్కరిని 'ఎ స్టాఫ్' అంటే చేతికర్ర అనుకునే ప్రమాదముంది! 'స్టాఫ్స్' నప్పేది వేర్వేరు సంస్థల సిబ్బందిని కలిపి చెప్పేటప్పుడే.

క్రూకి బహువచనం మామూలే, కానీ 'టూ క్రూస్' అంటే ఇద్దరు మనుషులు కాదు, రెండు జట్లు. ఒక్కరైతే 'క్రూ మెంబర్'.

క్రియ విషయంలో రెండూ ఒకటే. అమెరికాలో సాధారణంగా 'ఈజ్', బ్రిటన్‌లో 'ఆర్' కూడా చెల్లుతుంది. ఒకే ఉత్తరంలో రెండూ కలపకండి.

సినిమాలో నటులు కాస్ట్, కెమెరా, లైట్ల వాళ్లు క్రూ. విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ దగ్గర గ్రౌండ్ స్టాఫ్, విమానం లోపల కేబిన్ క్రూ.

రెజ్యూమెలో ఆఫీసు కొలువుకు స్టాఫ్ రాయండి. ట్రిప్పుకో, షూటింగుకో కట్టిన జట్టులో పనిచేస్తే క్రూ. హోటల్ వంటగదికి? కిచెన్ స్టాఫే నయం.