కారులో తడబడే ఫోన్‌కు విడి జీపీఎస్ రిసీవర్: గార్మిన్ గ్లో 2 వాడి చూశాక

ఫోన్‌లోని మ్యాపును నమ్ముకొని కారు నడిపేవారికి ఈ ఇబ్బంది పరిచయమే. ఫ్లైఓవర్ ఎక్కాలో, పక్కనుంచి కిందికి సాగే దారిలోకి మళ్లాలో తేల్చుకోవలసిన చోటనే తెర మీద బాణం ఒక క్షణం ఆగిపోతుంది, ఆ తర్వాత పక్క వీధిలోకి గెంతుతుంది, మనం మలుపు దాటిపోయాక తిరిగి సరైన చోటికి చేరుకుంటుంది. నా కారులో ఇది రోజూ జరిగేది. అదే ఫోన్‌ను చేత పట్టుకొని రోడ్డు మీద నడిస్తే స్థానం చక్కగా చూపేది, కారులో కూర్చోగానే గాడి తప్పేది. ఆ తేడా గమనించాకే కొత్త ఫోన్ కొనాలన్న ఆలోచన మానుకొని అసలు కారణం వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాట చివర గార్మిన్ గ్లో 2 అనే బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ కొని, కొన్ని నెలలుగా వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ పరికరం గురించే అయినా, దాన్ని కొనడానికి ముందు చేసిన పరీక్షలను కూడా వివరంగా రాస్తున్నాను. వాటితోనే సమస్య తీరిపోయేవారు చాలామంది ఉంటారు, వారికి ఈ ఖర్చు అవసరం లేదు.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ 1575.42 మెగాహెర్ట్జ్ మీద ఎల్1 అనే సంకేతం పంపుతాయి. అది నేలను చేరేసరికి ఎంత బలహీనపడుతుందంటే, ఒక వాట్‌ను వంద కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కను తిరిగి కోటి ముక్కలు చేస్తే వచ్చే పాటి శక్తి మాత్రమే మనకు అందుతుంది. స్థానం లెక్క కట్టడానికి అటువంటి సంకేతాలు కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి కావాలి, ఎందుకంటే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు మాత్రమే కాక రిసీవర్ గడియారంలోని తప్పును కూడా లెక్కించి తీసివేయాలి. ఫోన్‌లోని యాంటెన్నా అంచున సన్నటి లోహపు పట్టీగా ఇమిడి ఉంటుంది. ఉపగ్రహ సంకేతం మెలితిరుగుతూ వస్తుంది కాబట్టి ఒకే దిశలో పనిచేసే ఆ పట్టీ అందులో సగం శక్తిని ఆదిలోనే వదులుకుంటుంది. ఆరుబయట ఈ నష్టం మనకు తెలియదు. కారు లోపల దీనికి మరో రెండు నష్టాలు తోడైనప్పుడు మాత్రం బయటపడుతుంది.

మొదటి నష్టం ముందు అద్దం వల్ల కలుగుతుంది. ఎండ వేడిని ఆపడానికి కొన్ని కార్ల అద్దాలకు కంటికి కనిపించనంత పలుచని లోహపు పూత వేస్తారు. వేడిని ఆపే ఆ పూతే రేడియో సంకేతాన్ని కూడా అడ్డుకుంటుంది. విడిగా అతికించే కూలింగ్ ఫిల్ముల్లో లోహం కలిసినవి ఉంటాయి, వాటితోనూ ఇదే చిక్కు. మీ కారు అద్దానికి పూత ఉందో లేదో తెలుసుకోవాలంటే వెనుకచూపు అద్దం దగ్గర చూడండి. టోల్ ట్యాగ్ వంటివి పని చేయడం కోసం పూత వేయకుండా వదిలిన చిన్న భాగం, చుక్కల గీతలతోనో కొంచెం వేరైన రంగుతోనో అక్కడ కనిపిస్తుంది. ఫోన్ పట్టేంత చోటు ఉంటే స్టాండును అక్కడికి మార్చి చూడటం అన్నిటికన్నా తేలికైన చికిత్స. నా కారులో ఆ భాగం అరచేతి కన్నా చిన్నది, పైగా అక్కడ ఫోన్ పెడితే రోడ్డు కనిపించదు. చూపుకు అడ్డం వచ్చే ఏర్పాటు ఎంత బాగా పనిచేసినా నేను సిఫారసు చేయను.

రెండో నష్టం గురించి నేను ఊహించనే లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ ప్రతి ఉపగ్రహ సంకేత బలాన్ని డెసిబెల్-హెర్ట్జ్ లెక్కన చూపుతుంది. ఆకాశం విశాలంగా కనిపించే చోట చాలా ఉపగ్రహాలకు ఈ అంకె 35 పైన, బాగున్నప్పుడు 40 పైన ఉంటుంది. 25 కన్నా కిందికి దిగితే స్థానం నిలకడగా ఉంటుందని ఆశించలేము. కారును ఖాళీ స్థలంలో నిలిపి, ఇంజిన్ ఆపి, ఒక్కొక్క పరికరాన్నీ తీసివేస్తూ ఆ అంకెలు చూశాను. డ్యాష్‌క్యామ్ తీగ ఊడదీసిన మరుక్షణం అన్ని అంకెలూ ఒక్కసారిగా పైకి లేచాయి, తిరిగి తగిలించగానే పడిపోయాయి. ఇది కాకతాళీయమేమో అనుకొని ఐదారు సార్లు తీసి పెట్టి చూసినా ఫలితం మారలేదు. కెమెరాలోని సర్క్యూట్లు, దానికి కరెంటు ఇచ్చే చిన్న అడాప్టర్ రెండూ వెదజల్లే రేడియో రొద అంత బలహీనమైన సంకేతాన్ని ముంచెత్తడం అసాధ్యమేమీ కాదు. నాసిరకం కారు చార్జర్లు కూడా ఇదే పని చేస్తాయి. కెమెరాను ఫోన్ నుంచి వీలైనంత దూరానికి జరిపి, చార్జర్ మార్చడంతో నా సమస్యలో సగం తీరింది. ఫోన్‌ను అయస్కాంతపు స్టాండుకు నిలిపేందుకు వెనుక అతికించే ఇనుప రేకును కూడా గమనించాలి. అది యాంటెన్నా మీదికి వచ్చేలా అతికిస్తే సంకేతానికి అడ్డే. ఐఫోన్ వాడేవారికి మాత్రం ఈ పరీక్ష కుదరదు, ఉపగ్రహాల ముడి వివరాలను ఐఓఎస్ యాప్‌లకు ఇవ్వదు.

మిగిలిన సగం అద్దానిది. దానికోసమే గ్లో 2 కొన్నాను. అరచేతిలో ఇమిడిపోయే ఈ నల్లటి పెట్టెకు తెర లేదు, ఒక బటనూ రెండు చిన్న దీపాలూ మాత్రమే ఉన్నాయి. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్ ఉపగ్రహాలు రెంటినీ అందుకొని, లెక్క కట్టిన స్థానాన్ని బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు పంపుతుంది. దీని అసలు విలువ ఏమిటంటే, ఆకాశం కనిపించే చోట యాంటెన్నాను, కళ్ల ముందు తెరను వేరువేరుగా ఉంచుకోగలగడం. నా కారు వెనుక అద్దానికి పూత లేదు కాబట్టి దాని కింది అరలో రబ్బరు పట్టీ మీద దీన్ని ఉంచాను. ఫోన్ డ్రైవర్ ముందు తన చోటనే ఉంది. ఇలా రెండింటినీ విడదీసే వీలు ఏ ఫోన్ ఎంత ఖరీదైనదైనా ఇవ్వలేదు.

కలిపే విధానం ఫోన్‌ను బట్టి మారుతుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లతో దీన్ని జత చేస్తే చాలు, వేరే యాప్ అవసరం లేకుండా అన్ని మ్యాపులూ దీని స్థానాన్ని తీసుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో పని కొంచెం ఎక్కువ. డెవలపర్ ఆప్షన్లు అనే దాచి ఉంచిన సెట్టింగులు తెరిచి, బయటి రిసీవర్ సమాచారాన్ని చదివే ఒక యాప్‌ను ఎక్కించుకొని, దాన్ని మాక్ లొకేషన్ యాప్‌గా, అంటే ఫోన్ సొంత స్థానానికి బదులు తాను ఇచ్చే స్థానాన్ని చూపే యాప్‌గా, ఎంచుకోవాలి. ఆ ఏర్పాటు స్థానాన్ని మోసపూరితంగా మార్చేవారు కూడా వాడేదే కాబట్టి కొన్ని యాప్‌లు దాన్ని అనుమానించి పనిచేయడానికి నిరాకరిస్తాయి. కారు దిగాక దాన్ని ఆపివేయడం మరిచిపోతే ఇతర యాప్‌లలో ఇబ్బంది ఎదురవుతుంది. ఇది రిసీవర్ లోపం కాదు, ఆండ్రాయిడ్ నిర్మాణంలోనే ఉన్న సంగతి. అయినా సాంకేతిక విషయాలతో పరిచయం లేని ఇంటి పెద్దవారికి దీన్ని కానుకగా ఇవ్వాలనుకుంటే ముందు వారి ఫోన్ ఏదో చూసుకోండి.

రోడ్డు మీద ఫలితం స్పష్టంగా ఉంది. సాధారణ ఫోన్లు సెకనుకు ఒకసారి స్థానాన్ని కొత్తగా లెక్కిస్తే, ఈ రిసీవర్ సెకనుకు పది సార్లు లెక్కిస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 20 మీటర్లు సాగుతుంది. అంటే ఫోన్ ఒక లెక్కకూ మరో లెక్కకూ మధ్య 20 మీటర్లు అంచనాతో నెట్టుకొస్తే, ఇది రెండు మీటర్లకొకసారి సరిచూసుకుంటుంది. నాకు ఈ తేడా దగ్గర దగ్గరగా రెండు మలుపులు ఉన్న చోట బాగా తెలిసింది. ఇదివరకు మొదటి మలుపు దాటాక గానీ అది నేను తిరగవలసినదని ఫోన్ చెప్పేది కాదు, ఇప్పుడు సూచన సమయానికి వస్తోంది. చెట్ల నీడన సాగే దారుల్లో, ఒకవైపు కొండ ఉన్న దారుల్లో బాణం రోడ్డును వదలడం దాదాపు ఆగిపోయింది. వాడిన ఇన్ని నెలల్లో తప్పు మలుపు కారణంగా నేను వెనక్కి తిరిగి రావలసిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అయితే ఎత్తయిన భవనాల మధ్య దీనినుంచి అద్భుతాలు ఆశించకూడదు. అక్కడ ఇబ్బంది సంకేతం బలహీనపడటం వల్ల వచ్చేది కాదు. గోడలకు తగిలి తిరిగి వచ్చిన సంకేతం నేరుగా వచ్చినదాని కన్నా ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. యాంటెన్నా ఎంత మంచిదైనా ఆ ప్రతిఫలనాలను పూర్తిగా వేరుచేయలేదు. ఈ విషయంలో 1176.45 మెగాహెర్ట్జ్ మీద వచ్చే ఎల్5 సంకేతం మేలు చేస్తుంది, ఎందుకంటే అందులోని కోడ్ ఎల్1లోని దానికన్నా పది రెట్లు వేగంగా నడుస్తుంది, అందువల్ల అసలు సంకేతాన్ని ప్రతిఫలనం నుంచి వేరుచేయడం సులువవుతుంది. 2018లో వచ్చిన షావోమీ ఎంఐ 8తో మొదలై రెండు పౌనఃపున్యాలనూ అందుకునే ఫోన్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. గ్లో 2 మాత్రం ఎల్1 మీదనే ఆధారపడుతుంది. అందుచేత మీ ఫోన్‌కు ఎల్5 సదుపాయం ఉండి, కారు అద్దానికి పూత లేకపోతే, నగరంలో తిరగడానికి ఈ పరికరం వల్ల మీకు కలిగే లాభం స్వల్పమే. సొరంగాల్లో ఏ రిసీవర్‌కూ ఆకాశం కనిపించదు. అక్కడ చక్రాల వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కారు సొంత నావిగేషన్‌దే పైచేయి.

ఫోన్‌లోని మ్యాపును కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో గానీ కార్‌ప్లే గానీ కారులో ఉన్నవారు మరో సంగతి గమనించాలి. చాలా కార్లు తమ పైకప్పు మీది యాంటెన్నా అందుకున్న స్థానాన్ని ఫోన్‌కు అందిస్తాయి. మీ కారు ఆ పని చేస్తుంటే విడి రిసీవర్ కొనడం అనవసరం. ఫోన్ వెనుక అతికిస్తే సిగ్నల్ పెరుగుతుందంటూ అమ్మే స్టిక్కర్ల జోలికి పోవద్దు, వాటిలో సంకేతాన్ని పెంచే సర్క్యూటూ ఉండదు, ఫోన్ యాంటెన్నాతో సంబంధమూ ఉండదు. పైకప్పు మీది యాంటెన్నా అందుకున్న సంకేతాన్ని కారు లోపల తిరిగి ప్రసారం చేసే రిపీటర్లు నిజంగానే పనిచేస్తాయి, కానీ వాటిని అనుమతి లేకుండా వాడటం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, పైగా పక్క వాహనాల్లోని రిసీవర్లను కూడా తప్పుదోవ పట్టించగలవు.

వాడుకలో రెండు జాగ్రత్తలు అవసరమని నాకు అర్థమైంది. ఇంటర్నెట్ నుంచి ఉపగ్రహాల వివరాలు తెచ్చుకునే వెసులుబాటు ఫోన్‌కు ఉన్నట్టు దీనికి లేదు. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల నెమ్మదైన వేగంతో, 30 సెకన్లకు ఒకసారి మళ్లీ మళ్లీ పంపుతుంది. మధ్యలో ఏ గోడో అడ్డొస్తే తర్వాతి వంతు కోసం వేచి ఉండాలి. అందువల్ల నేలమాళిగ పార్కింగ్ నుంచి బయటికి వచ్చాక ఆకాశం కనిపించే చోట ఒక నిమిషం ఆగి బయలుదేరడం నాకు అలవాటైంది. ఆ నిమిషం ఓపిక పట్టని రోజున మొదటి రెండు మూడు వీధుల్లో ఇబ్బంది తప్పదు.

రెండోది వేడి. ఒకసారి చార్జ్ చేస్తే 13 గంటల దాకా పనిచేస్తుందని తయారీదారు చెప్పే ఈ పరికరంలో ఉన్నది లిథియం బ్యాటరీ. ఆకాశం బాగా కనిపించే చోటే ఎండ కూడా నేరుగా పడుతుంది. మూసి ఉంచిన కారులో అద్దం కింద గంటల తరబడి వదిలేస్తే ఏ లిథియం బ్యాటరీ ఆయుష్షయినా తగ్గిపోతుంది. కారు ఆపిన ప్రతిసారీ దాన్ని తీసి సీటు కిందికో, జేబులోకో చేరుస్తున్నాను. తిరిగి ఎక్కగానే వెనుక అరలో, అదే రబ్బరు పట్టీ మీద పెడతాను.