ఫ్లాట్‌బెడ్ స్కానర్‌తో ఇంటి ఆల్బమ్‌లు: కొన్నేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను, పాత ఫొటోల కోసం ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొన్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ అది చేసిన మేలులో సగానికి పైగా దాని పెట్టె మీద రాసిన అంకెల్లో ఎక్కడా కనబడదు. వాడుతూ పోతేనే తెలుస్తుంది. ఒక్కో ఫొటోనీ చేత్తో తీసి, వెనక్కి తిప్పి చూసి, దుమ్ము ఊది, అద్దం మీద పెట్టి, స్కాన్ అయ్యేదాకా ఆగాలి. ఆ ఆగే కాసేపట్లో ఫొటోని నిజంగా చూస్తాం. ఈ మూల నిలబడ్డది ఎవరు, ఈ ఇల్లు ఎవరిది అని అప్పుడే అనిపిస్తుంది. ఆ ప్రశ్నలు బంధువులకు పంపితే వచ్చిన జవాబులే నాకు మిగిలిన ఆస్తి. అందుకే ఈ సమీక్షలో యంత్రం గురించి ఎంత ఉంటుందో మనుషుల గురించీ అంతే ఉంటుంది.

నా దగ్గరున్నది సీసీడీ సెన్సర్‌తో పనిచేసే రకం. సెన్సర్ అంటే స్కానర్‌లో బొమ్మని చదివే భాగం. నెగటివ్‌ల కోసం మూతలో విడిగా లైటు ఉంటుంది. ఈ సెన్సర్ సంగతి కొనేముందు తప్పకుండా చూడండి. సన్నగా, తేలిగ్గా ఉండి యూఎస్‌బీ కేబుల్ నుంచే కరెంటు తీసుకునే స్కానర్లు ఎక్కువగా సీఐఎస్ అనే ఇంకో సెన్సర్ రకం. కాగితాలకు అవి హాయిగా సరిపోతాయి. కానీ అద్దానికి ఆనుకుని ఉన్నదే వాటిలో స్పష్టంగా పడుతుంది, కాస్త పైకి లేచినా మసకే. పాత ఫొటోలు ఎప్పుడూ చదునుగా ఉండవు కదా. అంచులు చుట్టుకుపోయి ఉంటాయి, కొన్ని మందపాటి అట్టకు అంటించి ఉంటాయి. బలవంతంగా నొక్కితే పైనున్న ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పొర, పగులుతుంది. సీసీడీలో కొన్ని మిల్లీమీటర్లు లేచిన భాగం కూడా చదవగలిగేలా వస్తుంది.

జిగురు పేజీల మీద ప్లాస్టిక్ షీటు కప్పి ఉండే ఆల్బమ్‌లు ఒక తరమంతా కొన్నారు. వాటిలో ఫొటోలు పేజీకి కరుచుకుపోయి ఉంటాయి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫొటో కిందుగా మెల్లగా రంపంలా లాగితే చాలావరకు ఊడివస్తాయి. రానివాటి జోలికి పోకుండా పేజీని పేజీలాగే స్కాన్ చేస్తాను. అలా చేస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఏ ఫొటో పక్కన ఏది పెట్టారో, అమ్మ పెన్నుతో పేజీ మీద ఏం రాసిందో అదీ నిలుస్తుంది.

రిజల్యూషన్ విషయంలో టెన్షన్ పడొద్దు. మామూలు ప్రింటుకు 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) చాలు. 4 × 6 అంగుళాల ఫొటోకి అప్పుడు 2400 × 3600 పిక్సెళ్లు వస్తాయి, కుదించని టిఫ్ (నాణ్యత తగ్గకుండా ఫొటోని దాచే రకం) ఫైల్ దాదాపు 26 ఎంబీ అవుతుంది. 1200కి పెంచితే ఫైల్ నాలుగింతలై 100 ఎంబీ దాటుతుంది గానీ అదనంగా కనిపించేవి కాగితపు గరుకు, గీతలు మాత్రమే. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలకు, బాక్స్ కెమెరాల కాలపు చిన్న కాంటాక్ట్ ప్రింట్లకు మాత్రం 1200 వాడతాను. నెగటివ్‌ని నేరుగా కాగితం మీద ఆనించి వేసిన ప్రింట్లు కాబట్టి వాటిలో వివరం దట్టంగా ఉంటుంది. అరచేతిలో సగం కూడా లేని ఫొటోలో తాతయ్య చొక్కా గుండీల దాకా లెక్కపెట్టొచ్చు.

మా ఇంట్లో నలుపు తెలుపు ఫొటోలే కలర్ ఫొటోల కంటే బాగా నిలిచాయి. వాటిలో బొమ్మను పట్టి ఉంచేది వెండి. 1970, 80ల కలర్ ప్రింట్లలో ఉన్నవి అద్దకపు రంగులు. ఆల్బమ్ మూసి చీకట్లో దాచినా అవి నెమ్మదిగా తరుగుతూనే ఉంటాయి. ఎక్కువ ప్రింట్లలో సయాన్ అనే ఆకుపచ్చ కలిసిన నీలం ముందు పోయి మిగిలినదంతా ఎర్రబడుతుంది. స్కానర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో పాలిపోయిన రంగుల్ని తిరిగి తెచ్చే బటన్ ఉంది. సెలవుల్లో తీసిన సముద్రం, ఆకాశం ఫొటోల మీద అది చాలా బాగా పనిచేసింది. అందరి ముఖాలూ నిండిన గ్రూప్ ఫొటోల్లో మాత్రం ఒంటి రంగుని నీలం వైపు లాగేస్తుంది, వాటిని చేత్తోనే సరిచేస్తాను. ఎలా సరిచేసినా, ఏమీ దిద్దని స్కాన్ ఒకటి టిఫ్‌గా దాచాకే.

పట్టు నేతలా సన్నని గళ్లున్న ప్రింట్లు ఈ యంత్రానికి బొత్తిగా పడవు. లైటు ఒకవైపు నుంచే పడుతుంది కాబట్టి ప్రతి గడీ మెరిసి ముఖాల మీద చుక్కలు చుక్కలుగా వస్తుంది. అలాంటి వాటిని కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట పెట్టి కెమెరాతో తీయడమే మేలు.

ఇక నెగటివ్‌లు. వీటి కోసమైనా సరే లైటున్న మూత రకమే కొనమంటాను. చాలా ఇళ్లలో ప్రింట్లు చుట్టాలకు పంచేస్తారు, నెగటివ్‌లు మాత్రం కవర్లలో అలాగే పడి ఉంటాయి. 35 ఎంఎం ఫ్రేమ్ 24 × 36 మిల్లీమీటర్లే గనక ఇక్కడ 2400 డీపీఐ అయినా పెట్టాలి. అలా పెడితే 77 లక్షల పిక్సెళ్ల దాకా వస్తాయి. దుమ్ము, గీతలు పోగొట్టే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం మామూలు కలర్ నెగటివ్‌ల మీద అద్భుతంగా పనిచేస్తుంది. వెండితో తయారైన నలుపు తెలుపు ఫిల్మ్ మీద వాడకూడదు. వెండి ఆ కాంతిని అడ్డుకుంటుంది, దాంతో బొమ్మనే మచ్చ అనుకుని చెరిపేస్తుంది.

నెగటివ్ అంచుల్లో ఫ్రేమ్ నంబర్లుంటాయి, 1, 1ఏ, 2, 2ఏ అంటూ. ఆల్బమ్‌లో ఎవరికి నచ్చినట్టు వాళ్లు సర్దేసిన సెలవుల ఫొటోలని ఈ నంబర్లతో మళ్లీ వరసలో పెట్టొచ్చు. బస్సు ముందా, గుట్ట ముందా, వాన ఎప్పుడొచ్చింది అనేది తేలిపోతుంది. ఇంకో సంగతి, ల్యాబ్‌లో ప్రింటు వేసేటప్పుడు ఫ్రేమ్ అంచులు కొంచెం కత్తిరింపుకు పోతాయి. ఒక సముద్రతీరపు సెలవుల గురించి మా ఇంట్లో ఎప్పుడూ వాదన ఉండేది, పెద్దత్తయ్య ఆ ట్రిప్‌కి వచ్చిందా లేదా అని. ప్రింట్లలో ఆవిడ ఎక్కడా లేదు. నెగటివ్‌ని పూర్తిగా స్కాన్ చేస్తే ఒక ఫ్రేమ్‌లో ఎడమ అంచున, చెప్పులు చేత్తో పట్టుకుని, సగం కనిపిస్తూ నిలబడి ఉంది. ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టగానే ఆవిడ కూతురు, అంటే మా వదిన, ఫోన్ చేసింది. అత్తయ్యకి నీళ్లంటే భయమట. ఆ ఒక్క రోజే మోకాళ్ల దాకా దిగిందట. ఇంటికొచ్చాక వారం రోజులు అదే చెప్పుకుందట. నేను పుట్టి పెరిగిన ఇంట్లోనే ఉన్న ఈ కథ, ఆ నెగటివ్ బయటపడేదాకా నా చెవిన పడలేదు.

అలా పంచుకోవడంలో నాకు బాగా కుదిరిన పద్ధతి ఒకటి చెబుతాను. ఆల్బమ్ మొత్తం ఒకేసారి పంపొద్దు. వంద ఫొటోలు పెడితే వంద చప్పట్ల బొమ్మలు వస్తాయి, ఒక్క మాట రాదు. ఒక ఫొటో, ఒక ప్రశ్న, మళ్లీ కొన్ని రోజుల తర్వాతే ఇంకోటి. ప్రశ్న కూడా చూసుకుని అడగాలి. "ఇదెవరు పిన్నీ?" అంటే పేరొక్కటే వస్తుంది. "ఈ గుమ్మం దాటితే లోపల ఏముండేది?" అని అడిగితే ఇల్లంతా తిప్పి చూపిస్తుంది. మధ్యలో ఆ గదిలో ఎవరు పడుకునేవారో, రాత్రిళ్లు ఎవరు కథలు చెప్పేవారో కూడా వస్తుంది. పెద్దవాళ్లకి టైప్ చేయడం కష్టం కాబట్టి వాయిస్ మెసేజ్ పంపమంటాను. ఆ ఆడియోని ఫొటో ఫైల్ పేరుతోనే, పక్కనే దాస్తాను. బాబాయి నవ్వుకుంటూ చెప్పిన మాటని నేను అక్షరాల్లో రాసుకుంటే ఆ నవ్వు రాదు కదా.

ఒకే ఫొటోకి బాబాయి ఒకటి చెబుతారు, పిన్ని ఇంకోటి చెబుతుంది. నేను తీర్పు ఇవ్వను. ఎవరు చెప్పింది వాళ్ల పేరుతో రెండూ రాస్తాను. ఏ సంవత్సరమో తేలకపోతే పిల్లల్ని చూడాలి. చంకలో ఉన్న చిన్నదానికి ఎన్నెళ్లుంటాయో చెప్పమంటే, మిగతా లెక్క మేనత్తలే వేసేస్తారు.

విన్నదాన్ని ఎక్కడ రాయాలన్నదే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, చాలామంది పట్టించుకోనిది కూడా. దాన్ని శీర్షికగా ఫొటో ఫైల్ లోపలే రాయాలి. ఐపీటీసీ, ఎక్స్‌ఎంపీ అనే ప్రమాణాల్లో దానికి ప్రత్యేకంగా చోటుంది. ఎక్స్‌ఎంపీ యూనికోడ్‌ని వాడుతుంది కాబట్టి తెలుగులో నిశ్చింతగా రాసుకోవచ్చు. డిజికామ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఈ పని తేలిక. ఆల్బమ్ యాప్‌లో మాత్రమే రాస్తే అది ఆ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, ఫొటో దించుకున్నప్పుడు వెంట రాకపోవచ్చు. చాట్ యాప్‌లలో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, లోపలి రాతలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. తారీఖు కూడా మార్చుకోవాలి, లేకపోతే ఫోన్ గ్యాలరీలో అమ్మమ్మ చిన్నప్పటి ఫొటో నిన్న స్కాన్ చేసిన తేదీ కింద చేరుతుంది. ఎక్కువ ఫైళ్లుంటే ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఒకేసారి మార్చేయొచ్చు. ఫొటో వెనక రాత ఉంటే వెనకవైపూ స్కాన్ చేయండి. ఆ చేతిరాత కూడా మనిషి గుర్తే.

కృత్రిమ మేధతో ముఖాలకి పదును పెట్టే యాప్‌ల గురించి నా అభిప్రాయం గట్టిది. వాడొద్దు. అవి మసకగా ఉన్న కళ్ల చోట కొత్త కళ్లు కల్పించి పెడతాయి. చూడ్డానికి బాగుంటాయి, కానీ ఆ చూపు మా నాయనమ్మది కాదు. తర్వాతి తరం ఆ కల్పననే నాయనమ్మ అనుకుంటుంది. రంగులు వేయడం కూడా అంతే, చొక్కా నీలమో ఆకుపచ్చో దానికెలా తెలుస్తుంది?

పంచేముందు అడగడం కూడా అలవాటు చేసుకోవాలి. విడిపోయిన దంపతుల పెళ్లి ఫొటో, తొందరగా పోయిన బిడ్డ ఫొటో, గొడవపడి రాకపోకలు ఆగిన అన్నదమ్ములు కలిసున్న ఫొటో. మనకి అపురూపంగా అనిపించింది ఇంకొకరికి గుండెకోత కావొచ్చు. అలాంటివి గ్రూప్‌లో పెట్టను. సంబంధించినవాళ్లకే విడిగా పంపి, వాళ్లు సరేనంటేనే మిగతావాళ్లకి చూపిస్తాను. వద్దన్నవీ ఉన్నాయి. వాటికి శీర్షిక రాసి భద్రంగా పక్కన పెట్టాను.

యంత్రంలో లోపాలూ ఉన్నాయి. కొన్నేళ్లకి అద్దం అడుగున, లోపలివైపు, సన్నని మసక పొర కట్టింది. తుడవాలంటే విప్పాల్సిందే. నెగటివ్‌లు పట్టే ప్లాస్టిక్ చట్రం నాసిరకం, వంగిన ఫిల్మ్‌ని చదునుగా పట్టలేదు. కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ మారాక దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ పనిచేయడం మానేసింది. పాత స్కానర్లని కూడా నడిపించే వ్యూస్కాన్‌తో మళ్లీ దారిలో పడ్డాను. అది డబ్బు పెట్టి కొనాల్సిన ప్రోగ్రామ్. వేగం సంగతైతే, నెగటివ్ స్ట్రిప్ ఒకటి పెట్టి వేరే పని చూసుకోవచ్చు, అంత నెమ్మది.

ఇంకో చిక్కు, ఆల్బమ్‌లు అన్నీ మన దగ్గరే ఉండవు. పెద్దమ్మలాంటి వాళ్లు ఆల్బమ్ ఇల్లు దాటనివ్వరు, అది న్యాయమే. అక్కడికి ఫోనే పట్టుకెళ్తాను. 2016లో గూగుల్ విడుదల చేసిన ఫొటోస్కాన్ లాంటి యాప్‌లు ఒకే ఫొటోని కొన్ని కోణాల్లో తీసి, కలిపి, మెరుపు తగ్గిస్తాయి. నాణ్యత ఫ్లాట్‌బెడ్ అంత ఉండదు. కానీ పెద్దమ్మ పక్కనే కూర్చుని పేజీలు తిప్పుతూ చెబుతుంటుంది, ఫోన్‌లో రికార్డర్ నడుస్తూ ఉంటుంది. శీర్షికల విషయంలో నాకు దొరికిన మంచి సరుకంతా దాదాపు అలా వచ్చిందే.

స్కాన్ అయ్యాక అసలు ఫొటోల్ని పారేయకండి. చల్లగా, పొడిగా ఉండే గదిలో, యాసిడ్ లేని కాగితపు కవర్లలో ఉంచండి. అటక, వంటగది గోడ పక్కన వద్దు. ఫైళ్లకి రెండు కాపీలు ఇంట్లో వేర్వేరు డ్రైవ్‌ల మీద, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర ఉంటే ధైర్యంగా ఉంటుంది.

కొనాలా వద్దా అంటే, నెగటివ్‌లు, అట్ట ఫొటోలు, జిగురు ఆల్బమ్‌లు ఉన్నవాళ్లు సీసీడీ ఫ్లాట్‌బెడ్ కొనండి, వాడినది దొరికినా తీసుకోవచ్చు, అద్దం అడుగున మసక ఉందేమో టార్చి వేసి చూసుకుంటే చాలు. ఒకే సైజులో, బలంగా ఉన్న కొత్తరకం ప్రింట్లు వేలల్లో ఉంటే కాగితాలు లోపలికి లాగే షీట్‌ఫెడ్ స్కానర్ త్వరగా పని ముగిస్తుంది. పెళుసుబారిన వాటిని మాత్రం అందులో పెట్టొద్దు. మొత్తం కలిపి వందలోపు ప్రింట్లే ఉంటే ఏదీ కొనక్కర్లేదు. ఫోన్‌తో తీసి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూపించి అడగండి.