తెలుగు డీటీపీకి ఏ మానిటర్ మేలు: 24 అంగుళాలదా, 27 అంగుళాలదా?

విజయవాడ గవర్నర్‌పేటలో గానీ, గుంటూరు అరండల్‌పేటలో గానీ షాపులోకి వెళ్ళి మానిటర్ కావాలంటే, "ఎన్ని అంగుళాలు సార్?" అని అడుగుతారు. సినిమాలు చూసుకునేవాళ్ళకి ఆ ప్రశ్న చాలు. పొద్దస్తమానం తెలుగు మ్యాటర్ కంపోజ్ చేసేవాళ్ళు, ప్రూఫులు దిద్దేవాళ్ళు, శుభలేఖలు డిజైన్ చేసేవాళ్ళు మాత్రం ఆ అంగుళాల్లో పిక్సెళ్ళు, అంటే బొమ్మను కట్టే చుక్కలు, ఎన్నున్నాయో ముందు కనుక్కోవాలి.

ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా చూపించేవి మూడు రకాలు: 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 27 అంగుళాల క్యూహెచ్‌డీ. మూడోదాన్ని షాపులో 2కే అంటారు. మొదటి రెండింటిలోనూ పిక్సెళ్ళు 1920×1080 మాత్రమే. అవే పిక్సెళ్ళను పెద్ద అద్దంలో పరిస్తే ఒక్కోటీ లావవుతుంది. 24లో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్ళు పడితే, 27 ఫుల్ హెచ్‌డీలో 82కి దిగుతాయి. క్యూహెచ్‌డీలో 2560×1440 ఉంటాయి కాబట్టి అదే 27 అంగుళాల్లో 109 దాకా వస్తాయి.

ఇంగ్లీషు చదివేవాళ్ళకి ఈ తేడా అంతగా పట్టదు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు అన్నీ అదే ఎత్తులో సర్దుకోవాలి. పేజీని అసలు సైజులో పెట్టుకుంటే 11 పాయింట్ల అక్షరానికి నిలువునా 27 ఫుల్ హెచ్‌డీలో 12 పిక్సెళ్ళు, 24లో 14, క్యూహెచ్‌డీలో 16 పైచిలుకు దొరుకుతాయి. పన్నెండింటిలో "థ" కడుపులో చుక్క పూడుకుపోతుంది, "ధ" కింద గీత మసకబారి "ద"లా కనిపిస్తుంది, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. ప్రూఫు రీడర్ జూమ్ చేస్తూ తగ్గిస్తూ కూర్చోవాలి, లేదా ప్రింటు తీసి దిద్దాలి. జనవరి పుస్తక మహోత్సవానికి నాలుగు పుస్తకాలు ఒకేసారి ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజుల్లో ఆ రెండు పనులకూ తీరిక ఉండదు.

అందుకే ఈ పనికి 27 ఫుల్ హెచ్‌డీ వద్దే వద్దు. రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి, 24 కంటే మొరటు అక్షరం కొనుక్కున్నట్టవుతుంది. దూరంగా కూర్చుని బిల్లింగ్ చేసుకునే కౌంటర్‌కైతే పనికొస్తుంది.

ఇక పోటీ 24 ఫుల్ హెచ్‌డీకీ 27 క్యూహెచ్‌డీకీ మధ్యే. ధరలు బ్రాండును బట్టి, ఆఫర్లను బట్టి మారుతుంటాయి గానీ, ఐపీఎస్ రకం ప్యానెల్‌తో (దాని సంగతి కింద ఉంది) మొదటిది ఏడు నుంచి పది వేలు, రెండోది పదిహేను నుంచి ఇరవై రెండు వేల మధ్య ఉంటుందనుకోవచ్చు. రెట్టింపు ధరకి వచ్చేదేమిటో స్కేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు. 24 అంగుళాల తెర ఎత్తు దాదాపు అంతే. పైన మెనూలు, కింద టాస్క్‌బార్ పోతే పేజీ అసలు సైజులో పట్టదు. 27 తెర ఎత్తు 33.6 సెంటీమీటర్లు, అంటే పేజీ పోను నాలుగు సెంటీమీటర్లు మిగులుతాయి. వెడల్పు 59.8. ఎదురెదురు పేజీలు రెండూ పక్కపక్కన పెట్టినా టూల్స్ ఉండే ప్యాలెట్లకి 17 సెంటీమీటర్లకు పైగా చోటుంటుంది. పుస్తకాలు, పత్రికల పేజీలు కట్టేవాళ్ళకి ఆ డబ్బు ఊరికే పోదు. విజిటింగ్ కార్డులు, కరపత్రాలు, ఆధార్ ప్రింట్లతో నడిచే సెంటర్‌కి మాత్రం 24 బ్రహ్మాండంగా సరిపోతుంది.

అయితే పాత సీపీయూ ఉన్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఇంటెల్ రెండో, మూడో తరం ప్రాసెసర్లున్న మదర్‌బోర్డుల్లో హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ నుంచి 1920×1200 దాటి రాదు. పాత వీజీఏ కేబుల్ అయితే పెద్ద రిజల్యూషన్‌లో అక్షరం చుట్టూ నీడలా మసక వస్తుంది. క్యూహెచ్‌డీ కొని దాన్ని 1920లో నడిపితే 24 కంటే అధ్వానంగా ఉంటుంది, ఎందుకంటే పిక్సెళ్ళు సరిగ్గా పొసగక ప్రతి గీతా అలుక్కుపోతుంది. బోర్డుకి డిస్‌ప్లేపోర్ట్ అనే సాకెట్ ఉంటే సరే. లేకపోతే 2560×1440 ఇచ్చే చిన్న గ్రాఫిక్స్ కార్డు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

27లో 4కే కూడా ఉంది, అంగుళానికి 163 పిక్సెళ్ళు. అక్షరం అచ్చు వేసినట్టే ఉంటుంది, కాదనలేం. కానీ దాన్ని విండోస్‌లో 150 శాతం స్కేలింగ్, అంటే అక్షరాలూ బటన్లూ పెద్దవి చేసే సెట్టింగ్, పెట్టుకోకుండా వాడలేం. పేజీలు కట్టడానికి మన ప్రెస్సుల్లో ఇప్పటికీ వదలని పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కి ఆ స్కేలింగ్ తెలియదు. విండోస్ దాన్ని బొమ్మలా సాగదీసి చూపిస్తుంది, పెట్టిన డబ్బంతా మసకలో పోతుంది. స్కేలింగ్ ఆపేస్తే టూల్ బాక్సు చీమంత అవుతుంది. ఇన్‌డిజైన్‌కీ యూనికోడ్ ఫాంట్లకీ పూర్తిగా మారినవాళ్ళు 4కే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తోనే ఉన్నవాళ్ళకి క్యూహెచ్‌డీయే మేలు.

ప్యానెల్, అంటే లోపలి తెర, విషయంలో ఎక్కువగా కనిపించేవి ఐపీఎస్, వీఏ అని రెండు రకాలు. వీఏలో కాంట్రాస్టు (తెలుపు నలుపుల మధ్య తేడా) 3000:1 వరకు, మామూలు ఐపీఎస్‌లో 1000:1 అని పెట్టె మీద చూసి మోసపోవద్దు. ఆ నలుపు చీకటి గదిలోనే తెలుస్తుంది. బెజవాడ పగటి వెలుతురు పడే గదిలో తెర మీద ప్రతిబింబమే ఆ తేడాని మింగేస్తుంది. పక్కన నిలబడి కార్డు చూసే పెళ్ళివారికి వీఏలో రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, ఐపీఎస్‌లో అంత మారదు. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత పెట్టె మీద "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే రంగుల పనికి వదిలేయండి, కుంకుమ ఎరుపు ఇటుక రంగులో కనిపిస్తుంది. "99 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని ఉన్నది చూడండి. వంపు తెర పేజీలు కట్టేవాళ్ళకి వద్దు, తిన్నని గీత వంకరగా అనిపిస్తుంది. రిఫ్రెష్ రేటు ఎంతున్నా ఈ పనికి ఒకటే.

తక్కువకి వస్తోందని 32 అంగుళాల టీవీని మానిటర్‌గా పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. చౌక టీవీల్లో చాలావాటికి 1366×768 మాత్రమే, అంగుళానికి 49 పిక్సెళ్ళు. ఇంక చెప్పక్కర్లేదు.

షాపుకి పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్ళు పట్టుకెళ్ళండి: 11 పాయింట్ల తెలుగు పేజీ పీడీఎఫ్, పూర్తి తెలుపు బొమ్మ, పూర్తి నలుపు బొమ్మ. ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ "రికమెండెడ్" దగ్గరే ఉందో లేదో చూసుకోండి, డెమో సీపీయూల్లో తరచూ ఉండదు. తెలుపు మీద నల్ల చుక్క, నలుపు మీద వెలిగే చుక్క ఉంటే అక్కడే వేరే పీసు అడగండి. ఒకటి రెండు చుక్కలకి చాలా కంపెనీలు వారంటీలో మార్చవు. తర్వాత బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, ఫోన్ కెమెరాలో షట్టర్ వేగం పెంచి తెర వైపు పెట్టండి. నల్ల పట్టీలు కదులుతుంటే బ్యాక్‌లైట్ మిణుకుతున్నట్టే. రోజంతా కూర్చునేవాళ్ళకి కళ్ళు లాగుతాయి. ఎత్తు మార్చుకునే స్టాండ్ లేకపోతే వెనక 100×100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలైనా (స్క్రూలు బిగించే నాలుగు రంధ్రాలు) ఉండాలి, తర్వాత ఎత్తు మార్చుకునే ఆర్మ్ బిగించుకోవచ్చు.

సెంటర్‌లో పెట్టేటప్పుడు కిటికీ పక్కకి వచ్చేలా చూడండి, వెనకా ఎదురుగా వద్దు. బ్రైట్‌నెస్ వందలో వదిలేయకుండా, తెర పక్కన తెల్ల కాగితం పట్టుకుని రెండు తెలుపులూ ఒకేలా అనిపించే దాకా తగ్గించండి. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ, దాని మీద కాస్త డిస్టిల్డ్ వాటర్ చాలు. అద్దాలు తుడిచే స్ప్రేలు పైపూతని తినేస్తాయి.

వానాకాలం రాత్రుళ్ళు వెలుతురుకి వచ్చిన సన్నపురుగు వెనక సందుల్లోంచి తెర పొరల మధ్యకి దూరుతుంది. వేలితో నొక్కితే అక్కడే చచ్చి, మానిటర్ ఉన్నన్నాళ్ళూ ఫుల్‌స్టాప్‌లా మిగిలిపోతుంది. తెర ఆపేసి, గది చీకటి చేసి, పక్కన దీపం పెడితే చాలాసార్లు దానంతటదే బయటికొస్తుంది.