జీడిమామిడి, నాటు బాదం, కొబ్బరి: 200 గజాల ఇంట్ల ఏది పెడ్తే మేలు?

మొన్న మా అక్క ఫోన్ చేసి, "అరేయ్, హైదరాబాద్ బోడుప్పల్‌ల ఇల్లు అయిపోయింది, ఎనుక పది ఫీట్లు ఖాళీ ఉంచినం, డ్రై ఫ్రూట్స్ రేట్లు చూస్తే గుండె దడ వస్తుంది, బాదమో కాజునో ఒక చెట్టు పెడ్తే ఇంట్లనే కాస్తయి కదరా" అన్నది. నవ్వొచ్చింది కానీ అక్క ఆలోచన మొత్తం తప్పు కూడా కాదు, అందుకే ఫోన్ల చెప్పిందంతా ఇక్కడ రాస్తున్న.

ముందుగాల పాయసంల వేసే అసలు బాదం, అక్రోట్ రెండూ మర్చిపోండి. వాటికి చలికాలంల 7 డిగ్రీల కన్న తక్కువ చలి వందల గంటలు తగలాలె, అప్పుడే పూత సరిగ్గ వస్తది, అందుకే అవి కాశ్మీర్‌ల కాస్తయి. మనం డిసెంబర్‌ల నాలుగు పొద్దుగాలలు స్వెటర్ వేసుకున్నంత మాత్రాన కాయవు. నేను ఆన్‌లైన్‌ల అక్రోట్ మొక్క తెప్పించి ఏప్రిల్ దాక కూడా బతికించలేకపోయిన. ఇగ ఇక్కడి నర్సరీలల్ల బాదం మొక్క అని ఇచ్చేది నాటు బాదం, తెల్లమద్దికి, కరక్కాయకు చుట్టం అది, పాయసం బాదంకు ఏ చుట్టరికం లేదు.

అంటే మిగిలినయి మూడు.

నాటు బాదం మా పాత ఇంటి ముందట ఉండె, మల్కాజిగిరిల. నీడ అంటే దానిదే నీడ, గొడుగు మీద గొడుగు పెట్టినట్టు కొమ్మలు అంతస్తులు అంతస్తులుగ పోతయి, నాలుగైదేండ్లల్ల డాబా దాటుతది. కానీ ఏడాదికి రెండుసార్లు ఆకంతా ఎర్రగయి రాలుతది, ఒక్కో ఆకు విస్తరాకంత, అమ్మ పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ల అంతే. రాత్రి గబ్బిలాలు కండ తిని గింజలు స్కూటర్ మీద ఏస్తయి. ఆ గింజలు ఎండబెట్టి, రాయి మీద నిలబెట్టి అంచు మీద సుత్తెతోని కొడితే లోపల సన్నటి పప్పు, తియ్యగ మంచిగనే ఉంటది, విషం లేదు ఏం లేదు, కానీ అరగంట కొడితే గుప్పెడు రాదు. పిల్లలకు ఎండాకాలం సెలవులల్ల టైంపాస్ కింద ఓకే. వేర్లు మాత్రం టైల్స్ లేపుతయి, ప్రహరీ పగులుతది, సంపు పక్కన పెట్టినోళ్ల కష్టాలు నేను చూసిన. పెద్దగయినంక కొట్టేద్దామంటే నీళ్లు, భూమి, చెట్లు కాపాడే వాల్టా చట్టం కింద అటవీ శాఖ పర్మిషన్ కావాలె, కాబట్టి పెట్టేముందే ఆలోచించుకోవాలె.

జీడిమామిడి దగ్గర అందరూ మోసపోతరు, నాకు తెలిసి కాయించుడు దీనంత ఈజీ ఇంకోటి లేదు. మన ఎర్రనేల, రాళ్ల నేల దానికి ఇష్టమే, వేళ్లూనుకున్నంక నీళ్లు పెద్దగ అడగదు. బాపట్ల పరిశోధనా కేంద్రం రకాలు, బీపీపీ-8 లాంటివి, అంటుమొక్క తెచ్చి పెడ్తే మూడో ఏడు నుంచే కాపు, మార్చి, ఏప్రిల్‌ల పండ్లు రాలుతయి, ఏరుకునుడే. మంచిగ చూసుకుంటే పెద్ద చెట్టు ఏడాదికి ఎనిమిది, పది కిలోల గింజ ఇస్తది. అసలు కథ ఆ తర్వాతనే. గింజ పొట్టుల నల్లటి నూనె ఉంటది, మామిడి సొన మూతికి తగిలితే పొక్కుతది కదా, అదే కుటుంబం, దానికి తాతలాంటిది. మా బావ షాద్‌నగర్ ప్లాట్‌ల కాసిన గింజలు తెచ్చి డాబా మీద పాత మూకుడుల ఏంచిండు, నూనె చిటపట ఎగిరి అంటుకున్నది, పొగకు పక్కింటోళ్లు దగ్గుకుంట కిందికి పోయిండ్రు, బావ చేతులు, కనురెప్పలు వారం దాక వాచి ఉన్నయి. మిషన్లు రాకముందు కొట్టేటోళ్లు చేతులకు నూనె, బూడిద రాసుకొని కొట్టేది ఊరికే కాదు. పలాస ఫ్యాక్టరీలల్ల ఆవిరి పట్టి, కట్టర్‌తోని కోసి, ఎండబెట్టి, మళ్ల లోపటి ఎర్ర పొర తీస్తరు, ఇంత చేస్తే కిలో గింజకు పప్పు పావు కిలో చిల్లర. ఇంటి కోసం ఇదంతా అవుతదా? పైగా తోటలల్ల చెట్టుకు చెట్టుకు ఏడెనిమిది మీటర్లు వదులుతరు, పది ఫీట్ల సందుల ఎట్ల పడ్తది. పండు రసం మాత్రం సూపర్, కొద్దిగ గొంతు పట్టుకుంటది అంతే, ఉప్పేసుకొని తాగాలె.

కొబ్బరి పప్పు కాదు అనకండి, మన వంటింట్ల రోజూ కావాల్సింది అదే కదా. పొడుగు రకం అయితే ఆరేడేండ్లు ఆగాలె, గంగబొండాం లాంటి పొట్టి రకం మూడు నాలుగేండ్లకే గెల వేస్తది, మొదట్ల స్టూల్ వేసుకొని బోండాం కోసుకోవచ్చు. ఆరేడు నెలలకు బోండాం, ఏడాదికి ముదురు కాయ, సీజన్ అని లేకుండ ఏడాది పొడుగునా ఏదో ఒక గెల ఉంటనే ఉంటది. తిప్పలు లేవని కాదు. ఇది సముద్రం పక్క చెట్టు, మే నెల వడగాలికి పిందెలు రాలుతయి, రోజూ రెండు మూడు బకెట్లన్న పొయ్యాలె, ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు పోసినా తాగుతది, ఉప్పుకు భయపడదు. మట్టలు కత్తెరతోని కోసినట్టు కనబడితే కొమ్ము పురుగు వచ్చినట్టు, ఇసుకల వేపపిండి కలిపి మొవ్వు (నడిమి చిగురు) చుట్టు మట్టల సందులల్ల వెయ్యాలె. పదేండ్లయినంక ఎక్కేటోన్ని వెతుక్కునుడు సిటీల పెద్ద పని, మట్ట పక్కింటి కారు మీద పడ్తే ఇంక పెద్ద పంచాయితీ.

అయినా అక్కకు గంగబొండామే చెప్పిన. జీడి షాద్‌నగర్ దిక్కు ప్లాట్ ఉన్నోళ్లు పెట్టుకోండి, పండ్ల కోసం, గింజలు కొనేటోడు దొరికితే అమ్మేయండి, మీరు ఏంచకండి. నాటు బాదం కాలనీ పార్కుల నీడకు బెస్ట్, ఇంటి గోడకు మాత్రం వద్దు. "మరి కాజు?" అన్నది అక్క. డ్రై ఫ్రూట్స్ హోల్‌సేల్‌ల దొరికే బేగంబజార్‌కు పోదాం అన్న.

జూన్, జులైల వానలు పడ్డంక మూడు ఫీట్ల గుంత తీయించుమని చెప్పిన, పశువుల ఎరువు, ఎర్రమట్టి, ఇసుక కలిపి, గోడకూ సంపుకూ ఎడం ఉంచి. గుంత తీసేటోడు కింద బండ తగిలిందంటే ఇంకో జాగ చూడాలె, బోడుప్పల్ దిక్కు ఆ బండ గ్యారంటీగ తగుల్తదని నా డౌట్.