ఇంపోర్టెడ్ సెకండ్ హ్యాండ్ టర్న్‌టేబుల్ కొనేవాళ్లు జాగ్రత్త, మోటార్ మీద 60 హెర్ట్జ్ ఉంటే డబ్బులు కట్టొద్దు

ఎల్పీలు వినే అన్నలారా, అమెరికా నుంచి వచ్చిన పాత టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొనాలని చూస్తా ఉంటే ఇది చదివినాక కొనండి. మాది కడప. ఆర్నెల్ల కిందట బెంగళూరులో ఒకాయన దగ్గర హై ఎండ్ బెల్ట్ డ్రైవ్ (మోటార్ బెల్టుతో రికార్డును తిప్పే రకం) టర్న్‌టేబుల్ 1,40,000 పెట్టి తీసుకున్నా, మూడేండ్లు కూడబెట్టిన దుడ్డు అది.

"అమెరికా కరెంటుది సార్, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇస్తున్నా, పెట్టి తిప్పుకోవడమే" అన్నాడు, నమ్మినా. పార్సిల్ వచ్చినాక అదురు తగలకుండా మన కడప బండే ఒకటి మందంగా కోయించి, స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచేసి, మా నాయన దాచిన పాత సినిమా పాటల రికార్డు వేసినా. ఆడగొంతు కాస్తా మగగొంతు మాదిరి సాగుతా వచ్చింది. మా నాయన రెండు చరణాలు కూడా వినలేదు, "ఇది ఆ పాట కాదు, ఆపురా" అన్నాడు.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే "రికార్డు ఒంగిపోయింటుంది, మీ కాడ ఎండలెక్కువ కదా" అంటాడు. ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) అంచున చిన్న స్టిక్కర్ అతికించి, సెల్‌ఫోన్లో నిమిషం పెట్టుకుని చుట్లు లెక్కపెట్టినా. ఎల్పీకి నిమిషానికి 33 చుట్లు దాటి ఇంకో మూడో వంతు రావల్ల, 28 కూడా నిండలేదు. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. మోటార్ ప్లేట్ మీద టార్చ్ వేసి చూస్తే 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ అని ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూఇటూ ఊగుతుందో ఆ లెక్క, అదే హెర్ట్జ్) ముట్టుకోదు, మన కరెంటేమో 50 హెర్ట్జ్, ఏసీ సింక్రనస్ మోటార్ ఆ ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి 60కి చేసిన పుల్లీతో (మోటార్‌కు ఉండే బెల్టు చక్రం) ఇక్కడ ఆరో వంతు స్పీడు పోతుంది, 33.3 కాస్తా 27.8 అవుతుంది. దానికి కొంచెం లావుగా ఉండే 50 హెర్ట్జ్ పుల్లీ అన్నా వేయల్ల, 60 హెర్ట్జ్ తయారుచేసి ఇచ్చే పవర్ సప్లై అన్నా కొనల్ల. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 లాంటి క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్‌లకు (బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పేవి, స్పీడును క్వార్ట్జ్ పట్టి ఉంచుతుంది) ఈ బాధ లేదు, వోల్టేజీ సరిపోతే చాలు.

ఇంకొకటి, ప్లాటర్ ఊడదీయకుండా, టోన్ ఆర్మ్ (సూది ఉండే చెయ్యి) కట్టకుండా, కౌంటర్ వెయిట్ (దాని వెనక బరువు) దానికే ఉంచి పంపించినాడు. సూదిని పట్టుకునే సన్న కడ్డీ పక్కకు వంగిపోయింది. కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని ఉండే డబ్బీ) మూవింగ్ మ్యాగ్నెట్ రకం అయితే సూది ఒక్కటీ లాగి కొత్తది పెట్టుకుంటాం, ఇది మూవింగ్ కాయిల్ రకం, కార్ట్రిడ్జ్ మొత్తం పోయినట్టే. అది గమనించక మా నాయన రికార్డులు రెండు తిప్పినా, ఇప్పుడు వాటిల్లో గరగర పోవడంలేదు, దుడ్డు కంటే నాకు ఆ బాధే ఎక్కువగా ఉంది.

వాపస్ అడిగితే నంబర్ బ్లాక్ చేసినాడు. అడ్వాన్స్ కట్టకముందే మోటార్ ప్లేట్ ఫోటో, సూదికి ఎదురుగా దగ్గరి నుంచి తీసిన ఫోటో, స్టిక్కర్ పెట్టి నిమిషం తిప్పిన వీడియో అడగండి, కుదిరితే మీ రికార్డు ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కి పోయి అక్కడే వినండి.

ప్రొద్దుటూరులో లేత్ మీద పుల్లీ చేయించినా, రవ్వంత గుండ్రం తప్పి పాట ఊగుతా ఉంది. సరైన 50 హెర్ట్జ్ పుల్లీ ఎవరి కాడన్నా ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.