పట్వారీ చూపు, కెమెరా చూపు

నిజాం కాలపు ఓరుగల్లు పల్లెల్లో పోలీస్ పటేల్, పట్వారీ అనే ఊరి అధికారుల నిఘాకు ఒక ముఖం ఉండేది. ఎవరింటికి చుట్టమొచ్చిందో, ఎవరి చేను ఎంత పండిందో వారికి తెలిసేది, వారు చూస్తున్నారని ఊరికీ తెలిసేది. ఆ చూపు వెట్టికీ జప్తుకూ దారితీసేది కనుక దాన్ని మంచిదనలేను. అయితే నేడు హన్మకొండ చౌరస్తాలో బండి ఆపి, స్తంభం మీది కెమెరాను చూసి హెల్మెట్ సర్దుకునే మనిషికి, తనను చూసేదెవరో, ఆ దృశ్యం ఎన్నాళ్లుంటుందో తెలియదు. 1791లో ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ వివరించిన జైలుదీ ఇదే సూత్రం: కావలివాడు కనబడడు, ఖైదీ తనను తానే కాచుకుంటాడు. దొంగను పట్టడంలో కెమెరాయే మేలు, ఒప్పుకుంటాను. కానీ పటేల్‌ను నిలదీయడానికి 1940లలో ఊళ్లు సంఘం కట్టాయి; కెమెరాను అడగడానికి 2017లో సుప్రీంకోర్టు గుర్తించిన గోప్యత హక్కు ఉన్నా, దాన్ని పట్టుకుని ఏ గడప తొక్కాలో చాలామందికి తెలియదు.