సర్జ్ నుంచి బోర్డును కాచే డయోడ్లు: చిత్తూరులో తొమ్మిదేళ్ళ వాడకం తరువాత

చిత్తూరులో బోరు మోటార్ల ఆటో స్టార్టర్ బోర్డులను, పాల సేకరణ కేంద్రాల తూకం యంత్రాలను బాగుచేయడం నా వృత్తి. ఈ రెండింటిలో ఏదీ నీడపట్టున సుఖంగా ఉండే సరుకు కాదు. ఒకటి మామిడితోట మధ్యన రేకు పెట్టెలో ఉంటుంది, రెండోది ఊరి వరండాలో గోడకు వేలాడుతుంది. ఏప్రిల్, మే నెలల సాయంకాలపు గాలివానలు మొదలైనప్పటి నుంచి డిసెంబరులో ఈశాన్య రుతుపవనం ముగిసేదాకా నా బల్ల మీద కాలిన బోర్డులు తగ్గవు. సర్జ్‌ను, అంటే క్షణకాలం ఎగిసే వోల్టేజీ దెబ్బను, ఆపే టీవీఎస్ (ట్రాన్సియెంట్ వోల్టేజ్ సప్రెసర్) డయోడ్లను, ఎం.ఓ.వీ.లను (మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్లను) 2016లో ప్రతి బోర్డుకూ చేర్చడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు వాడిన మీదట వ్రాస్తున్న సమీక్ష ఇది.

టీవీఎస్ డయోడ్ పని చెప్పడానికి చిన్నదే. మామూలు వోల్టేజీలో అది ఉన్నా లేనట్టే ఉంటుంది. వోల్టేజీ ఒక హద్దు దాటగానే దారి తెరిచి, అదనపు కరెంటును తనలోంచి పంపి, వెనుక ఉన్న ఐ.సి.కి ఆ దెబ్బ తగలకుండా చూస్తుంది. ఎం.ఓ.వీ. జింక్ ఆక్సైడ్ బిళ్ళ. అదీ అదే పని చేస్తుంది గాని ఎక్కువ కరెంటును మోస్తుంది, కాస్త వదులుగా పట్టుకుంటుంది, దెబ్బ తిన్న ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. అందుకే కరెంటు లైను వైపు ఎం.ఓ.వీ.ని, ట్రాన్స్‌ఫార్మర్ దాటాక డీసీ వైపు టీవీఎస్‌ను పెడతాను.

నేను మొదట బోల్తా పడింది నంబర్ల దగ్గర. ఒక పాల కేంద్రపు డిస్‌ప్లే బోర్డులో 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది; ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తరువాత మామూలుగా పదహారు వోల్టులకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. పద్దెనిమిది దానికంటే పైనే కదా అని పి6కేఈ18ఏ అనే టీవీఎస్ వేశాను. ఆ 18 డయోడ్ దారి తెరిచే వోల్టేజీ. అది నిశ్చింతగా ఓర్చుకునేది 15.3 వోల్టులే. రాత్రి ఊళ్ళో మోటార్లన్నీ ఆగిపోయి, 230 ఉండవలసిన లైను 270 దాకా ఎగబాకినప్పుడు డీసీ పద్దెనిమిదిన్నర అయ్యేది, డయోడ్ రాత్రంతా కాగేది. వారం తిరగకుండానే షార్టయింది. ఉరుము లేదు, పిడుగు లేదు. తప్పు పూర్తిగా నాదే. ఎస్ఎంబీజే అనే మరో టీవీఎస్ వరుసలో లెక్క వేరు: అక్కడ పేరులోని అంకె ఓర్చుకునే వోల్టేజీనే చెబుతుంది. ఇప్పుడు ఆ చోట ఎస్ఎంబీజే20ఏ వేస్తున్నాను. అది గరిష్ఠంగా 32.4 వోల్టుల దగ్గర నిలబెడుతుంది, వెనుక ఉన్న, వోల్టేజీని 5 దగ్గర నిలకడగా ఉంచే 7805 రెగ్యులేటర్ 35 దాకా తట్టుకుంటుంది. తేడా తక్కువే అయినా ఇన్నేళ్ళలో సరిపోయింది.

తక్కువ వోల్టేజీ డయోడ్ల మీద నాకు అసంతృప్తి ఉంది. ఎస్ఎంఏజే5.0ఏ పేరు చూసి 5 వోల్టుల లైనుకు రక్ష అనుకుంటాం. పూర్తి కరెంటు పారేటప్పుడు అది 9.2 వోల్టుల దాకా పోనిస్తుంది. నాలుగు వోల్టుల చుట్టూ నడిచే జీఎస్ఎం (మొబైల్ సిమ్‌తో పనిచేసే) మాడ్యూలుకు ఆ మాత్రం చాలు ప్రాణం పోవడానికి. కాబట్టి మాడ్యూలు పక్కన దాన్ని పెట్టి ధైర్యంగా ఉండటం మానేసి, రెగ్యులేటర్‌కు ముందే దెబ్బను ఆపుతున్నాను.

ఈ డయోడ్లు తమ విలువ నిరూపించుకున్నది నేను ఊహించని చోట, నీటి తొట్టి సెన్సర్ తీగల దగ్గర. తొట్టి నుంచి స్టార్టర్ దాకా వంద మీటర్ల పైన సాగే ఆ తీగ, దూరాన పిడుగు పడినా ఏరియల్‌లాగా దాన్ని అందుకుంటుంది. లైను వైపు ఏమీ కాకుండా మైక్రోకంట్రోలర్ ఇన్‌పుట్ ఒక్కటే పోయిన బోర్డులు ఐరాల, పూతలపట్టు వైపు నుంచి ఏటా వచ్చేవి. తీగ బోర్డులోకి దిగే చోటనే రెండు వైపులా పనిచేసే సీఏ రకం టీవీఎస్ ఒకటి, దాని వెనుక చిన్న రెసిస్టరు ఒకటి చేర్చాక ఆ రకం రిపేరు దాదాపు నిలిచిపోయింది.

ఎం.ఓ.వీ.కి, ఎర్త్‌కు వెళ్ళే తీగ ఎంత పొడవో కూడా చూసుకోవాలి. ఒక మీటరు తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్సు (కరెంటు వేగంగా మారితే అడ్డుపడే గుణం) ఉంటుంది. 8 మైక్రోసెకన్లలో 1,000 ఆంపియర్లకు కరెంటు పెరిగితే ఆ తీగ మీదనే 125 వోల్టులు నిలుస్తాయి, అవి ఎం.ఓ.వీ. ఆపిన వోల్టేజీకి తోడవుతాయి. ఎర్త్ తీగను అందంగా చుట్ట చుట్టి పెట్టెలో సర్దే ఎలక్ట్రీషియన్ తమ్ముళ్ళకు ఇది నచ్చజెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇక ఇవి చేయలేని పని. మైక్రోసెకన్ల దెబ్బను ఇవి కాస్తాయి. నిమిషాల తరబడి నిలిచే అధిక వోల్టేజీని కాయలేవు. పాల కేంద్రానికి వచ్చే న్యూట్రల్ తెగితే 230 చోట నాలుగు వందల దరిదాపుల్లో వస్తుంది. అలా ఒకసారి ఎం.ఓ.వీ. పగిలి బోర్డు నల్లబడి వచ్చింది. "మెరిసిందే లేదు, ఉరిమిందే లేదు, ఎట్ట పోయిందన్నా?" అని ఆ కేంద్రం నడిపే తమ్ముడు అడిగాడు. ఎం.ఓ.వీ.కి ముందు ఫ్యూజు వేయనిది నేనే కాబట్టి కూలి అడగలేకపోయాను. అప్పటి నుంచి ఫ్యూజు, వోల్టేజీ పెరిగితే లైను కట్ చేసే రిలే లేకుండా బోర్డు ఇవ్వడం లేదు. 275 వోల్టులకు తగిన 20డీ431 బిళ్ళలను కూడా మానేసి, 320కి తగిన 20డీ511 వాడుతున్నాను. 100 ఆంపియర్ల దగ్గర మొదటిది 710 వోల్టులకు ఆపితే ఇది 845కు ఆపుతుంది. ఆ నష్టం తెలిసే ఒప్పుకున్నాను, ఎందుకంటే మా పల్లెల రాత్రి వోల్టేజీకి 275 చాలదు. తోటల్లో రెండు ఫేజుల మధ్య 415 మీద నడిచే బోర్డులకు ఇంకా ఎక్కువ వోల్టేజీకి తగిన 821 బిళ్ళ వేస్తాను.

కొనేటప్పుడు ఒక మాట. పైన 1.5కేఈ (1,500 వాట్ల టీవీఎస్ వరుస) అని అచ్చు ఉండి, లోపల చిన్న చిప్పు ఉన్న సరుకు చవకగా దొరుకుతుంది. 1 మిల్లీ ఆంపియర్ పంపి చూస్తే వోల్టేజీ సరిగానే చూపిస్తుంది, 1,500 వాట్ల దెబ్బ పడినప్పుడే గుట్టు బయటపడుతుంది. బిల్లు ఇచ్చే అధీకృత డీలరు దగ్గరే కొంటున్నాను.

టీవీఎస్ పోతే ఎక్కువగా షార్టయే పోతుంది. మల్టీమీటరు కూత పెడుతుంది, ఫ్యూజు ఎగిరి ఉంటుంది, రెండూ మారిస్తే బోర్డు మళ్ళీ లేస్తుంది. ఎం.ఓ.వీ. అలా చెప్పి పోదు కాబట్టి, ఏటా సెప్టెంబరులో నా చేతికి వచ్చిన ప్రతి బోర్డులోనూ దాన్ని అడగకుండానే మారుస్తాను. పాకాల దగ్గర ఒక తోటలో 2016 నాటి స్టార్టర్ బోర్డు ఇంకా నడుస్తోంది, అందులో ఎం.ఓ.వీ. మూడోది, సెన్సర్ తీగ మీది టీవీఎస్ మాత్రం మొదట నేను సోల్డర్ చేసినదే.